ఆరో ట్రాక్‌కు ముందు

అద్లియాల ఆ హోటలు కింది హాలుకు
సల్లగాలి పంపేది నేనే.
వర్క్ ఆర్డర్ మీద ఒక్కటే ముక్క రాసిన్రు:
రాత్రి తొమ్మిది తర్వాత సప్పుడు రావద్దు.

ఏసీ అంటేనే సప్పుడు గద సారూ.
ఇరవై రెండేండ్లు దాని సప్పుడుల తిన్న,
దాని సప్పుడులనే పన్న.
మనామల ఏ ఫ్యాను బేరింగు ఎన్నడు పోతదో
మెట్లు దిగకముందే చెప్పగల్గుత.

పోలండు నుంచి ముగ్గురొచ్చిన్రు.
పియానోకు తీమోన్, డ్రమ్ములకు ఇగ్నాత్సీ.
తనకన్న పొడుగున్న బేస్‌ను
నిద్రవోయిన పిల్లను ఎత్తుకున్నట్టు
భుజాన ఏసుకొని బోగ్నా.
వాళ్ల మొదటి ఆల్బం అట.
అట్టపెట్టె నిండ సీడీలు, ఇంకా టేపు ఊడదియ్యలే.
పేరేందంటే ఇగ్నాత్సీ ఏదో అన్నడు,
నా నోట్లె పట్టలే.
మంచు కరుగుడు, అన్నడు మల్ల ఇంగ్లీషుల.
నేను మంచు చూడలే అన్న.
అటిటు చూసి
నా డ్రెయిన్ పైపు కింది బకెట్టును చూపెట్టిండు.
టప్పు.
శానసేపటికి ఇంకోటి.
గిదే, అన్నట్టు తలూపిండు.

బోగ్నా గోడకు చెవి ఆనిచ్చింది.
నా కంప్రెసర్ ఏ సురంల మూలుగుతున్నదో
తీగె మీద వేలు జరిపి జరిపి పట్టుకున్నది.
ఎన్నేండ్ల సంది రిపేరు చేస్తున్ననో దాన్ని,
అదొక సురమని నాకెవ్వరు చెప్పలే.
ఐదు పాటలు దీనితోటే వాయిస్తం,
ఆరోదానికి ఆపు, అన్నది.
నేను కమాను పైకి లేపంగనే.

మెయిన్ స్విచ్ మీద చెయ్యి పెట్టి
తలుపు సందులకెళ్లి చూస్తున్న.
జూలై. బయట రాత్రిపూట ముప్పై ఐదు.
ఇగ్నాత్సీ తీగెల చీపురు అసొంటి బ్రష్షుతోటి
డ్రమ్ము తోలును నిమురుతుంటే
కోరుట్లల మా మేనత్త కత్తెర యాదికొచ్చింది.
తడిపిన తునికాకును కత్తిరించే సప్పుడు,
వెయ్యి బీడీలకు ఒక పొద్దు.
పియానో నడుమనడుమ ఊకుంటది.
ఊకున్న కాడ అయిపోయిందనుకొని
ఒకాయన చప్పట్లు కొట్టి సిగ్గువడ్డడు.

కమాను లేచింది.
ఆపిన.

గంత పెద్ద హాలు మీదికెళ్లి
ఎవరో దుప్పటి గుంజినట్టయ్యింది.
గోడలకు చెవులుంటయంటరు,
ఇన్నేండ్లు ఆ చెవులు నొస్తున్నయని
గప్పుడు తెలిసింది.
ఎవరి చేతి గడియారమో. ఎవరో గుటక మింగుడు.
ఆమె ఎప్పుడు మొదలువెట్టిందో చెప్పలేను,
వినవడ్డప్పటికే నడుస్తున్నది.

థర్మోస్టాటు మీద ఇరవై మూడు. ఇరవై ఐదు.
ఇరవై ఏడుకు తీమోన్ ముక్కు మీది చెమట
తెల్లమెట్టు మీద రాలింది,
ఆ మెట్టునే మల్ల వొత్తిండు.
సూట్లేసుకున్నోళ్లు కోట్లు విప్పుడు మరిచిన్రు.
అటు మూలకెళ్లి మేనేజరు
నాకు చేతులతోటి అరుస్తున్నడు.
నేను చూడలే.
చూడలేదనే రాసుకోండ్రి.

ఏడు నిమిషాలు.

పోయేటప్పుడు ముగ్గురు సంతకం పెట్టి ఒక సీడీ ఇచ్చిన్రు.
సిత్రా క్యాంపుకు పోతుంటే వ్యాన్ల పెట్టిన.
డ్రైవర్ షంసుల్ కాజ్‌వే దాటేదాక ఓపిక పట్టి
పాడెటోడు ఎప్పుడొస్తడు భాయ్, అన్నడు.
ఇగ రాడు అన్న.
ఆరోది వచ్చింది.
వాళ్ల దేశంల, ఏ చలికాలం రికార్డు చేసిన్రో,
ఆ నిమ్మళం అడుగున
ఒక పాత హీటరు: టిక్కు, టిక్కు.
దాన్ని ఎవ్వలూ ఆపలే.
ఆ హీటరు మెకానిక్కు ఎవడో
ఆ రాత్రి సెలవుల ఉన్నడేమో.

తెల్లారి రిఫాల ఒక విల్లా.
కంప్లయింటు: సప్పుడు.
మిద్దె మీద రేకు కాలుతున్నది,
మోకాలు కింద గోనెసంచి ఏసుకొని కూసున్న.
పానా తీసి బోల్టుకు పెట్టిన.
మూలుగుతున్నది. బోగ్నా పట్టిన సురం కాదు,
దానికన్న కొంచెం కిందికి.
ఇంకో నిమిషం విన్న.
బిగించిన.